కొలతకు నిలబడ్డ మనిషి

రెండో గ్లాసు టీ ఇంజనీరమ్మ బల్ల మీద పెట్టి, ఫైలు సంచీ భుజాన వేసుకుని, బంట్రోతు ఆమె కంటే ముందే జీపెక్కి కూర్చున్నాడు. ఏటా ఈ రోజున అతని ఉద్యోగం వేరు. ఊరి చివర పాత టైర్ల గుట్ట ముందు నిలబడి ఫొటో దిగాలి. గుట్ట ఎక్కి కొలుద్దామంటే టైర్లు కాళ్ల కింద జారిపోతాయి. అందుకని ఎప్పుడో ఒక మహానుభావుడు ఈ ఉపాయం కనిపెట్టాడు. ఉద్యోగంలో చేరిన నాటి కాగితాల్లో బంట్రోతు ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. ఫొటోలో గుట్ట అతనికి ఎన్ని రెట్లుంటే, ఆ కాగితాల్లోని ఎత్తుకి అన్ని రెట్లు గుట్ట ఎత్తని లెక్క.

కొత్త టైరు కొన్న ప్రతివాడి దగ్గరా వసూలు చేసిన నిధి ఒకటుంది. ఇరవై అడుగులు దాటిన గుట్టలు ఊళ్లోంచి తీయించెయ్యడానికే అందులోంచి డబ్బిస్తారు. తొమ్మిదేళ్లుగా 'అర్హత లేదు' అనే ఉత్తరమే వస్తోంది. గుట్టకి కొత్తగా ఒక్క టైరూ చేరలేదు. అయినా పద్దెనిమిది అడుగులది ఏడాదికి కాస్త చొప్పున పెరిగి పోయినేడు పందొమ్మిదిన్నరకి వచ్చింది. ఎందుకు పెరుగుతోందో ఆఫీసులో ఎవరికీ పట్టలేదు. ఫైళ్ల కట్టలు మోసి మోసి వంగిపోయిన నడుము తనది కాబట్టి, బంట్రోతుకి మాత్రం తెలుసు.

గుట్ట వెనక సందులోనే అతని ఇల్లు. వాన పడితే టైరు టైరులో నీళ్లు, నీళ్ల నిండా దోమలు. నాలుగేళ్ల కిందట భార్య జ్వరమొచ్చి మూడో రోజుకే పోయింది. ఈ ఉదయం మనవరాలి నుదురు ముట్టుకుంటే పెనంలా కాలింది. కూతురు తండ్రి వంక ఒకసారి చూసి తడిగుడ్డ పిండుకుంది. వచ్చే నెల అతను రిటైరవుతాడు. కొత్తవాడొస్తే కొత్తగా ఎత్తు కొలుస్తారు, గుట్ట మళ్లీ పద్దెనిమిదికి దిగుతుంది. ఉన్నది ఈ ఒక్క ఫొటోనే.

గుట్ట ముందు దిగి చెప్పులు విప్పాడు. టైరు ముక్క కోసి తనే కుట్టుకున్నవి, అంగుళం మందం.

"చెప్పులెందుకు విప్పావు బాబాయ్? గాజుపెంకులుంటాయి."

"కాళ్లకి కాస్త గాలి తగలనీ అమ్మా."

"నిటారుగా నిలబడు మరి."

"ఇంతకంటే నిటారు ఎక్కణ్ణుంచి తెచ్చేది తల్లీ!"

ఇద్దరూ నవ్వారు. వదులు పంట్లాంలో అతను మోకాళ్లు కొద్దిగా వంచాడు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆఫీసు గుండుసూది కూడా ఇంటికి పట్టుకెళ్లని మనిషి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మనవరాలి నుదురు గుర్తొచ్చి ఇంకాస్త వంచాడు.

ఇంజనీరమ్మ జీపు బానెట్ మీద లెక్క వేసి కేక పెట్టింది. "ఇరవై దాటింది బాబాయ్! ఈసారి డబ్బొస్తుంది!"

"వస్తుందంటావా?"

"ఎందుకు రాదు? వచ్చి తీరుతుంది."

"అమ్మయ్య" అంటూ అతను ఒక టైరు మీద చతికిలబడి, వీపు గుట్టకి ఆనించాడు. "ఒక్క నిమిషమమ్మా. ఊపిరి తీసుకుని వస్తా."

ఆమె రాయడం ముగించి రెండుసార్లు పిలిచింది. పలక్కపోతే దగ్గరికి వెళ్లింది. గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. ఊపిరి లేదు.

సందులోవాళ్లు అతన్ని ఇంటికి మోసుకెళ్లారు. వెంట వెళ్లిన ఇంజనీరమ్మ, గది మూల నుదుటి మీద తడిగుడ్డతో మూలుగుతున్న పిల్లని చూసింది.

సాయంత్రం ఆఫీసులో ఫొటో తెరిచింది. వంగిన మోకాళ్లు కనిపించాయి. ఓ అంచున చెప్పులు కనిపించాయి. చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, ఆ అంచు కత్తిరించి సంతకం పెట్టి పంపేసింది.

ఆ రభసలో తీసేవాళ్లు లేక, అంగుళం మందం టైరు చెప్పులు గుట్ట ముందు పక్కపక్కనే ఉండిపోయాయి.