ఒక్కరోజు నాన్న

"ఒక్కరోజు నాన్నా. నా పెళ్ళయ్యేదాకా మగాడిలా ఉండండి. తర్వాత మీ ఇష్టం" అన్నాడు సంతోష్ కుమార్, తలెత్తకుండా.

ఆ నాన్న ఇప్పుడు సువర్ణ. యాభై ఏళ్ళు సువర్ణరాజుగా, నూజివీడు తోటల్లో మామిడి అంట్లు కట్టి బతికిన మనిషి. యాభై ఒకటో ఏట విజయవాడలో ఒక డాక్టరు ముందు కూర్చుని, చిన్నప్పట్నుంచీ తను ఆడదాన్నేనని మొదటిసారి నోరు విప్పి చెప్పింది. మూడేళ్ళుగా హార్మోన్ మందులు వాడుతోంది. జుట్టు భుజాలు దాటింది. ఒంట్లో వచ్చిన మార్పు వదులు చొక్కాల కింద కూడా దాగడం లేదు. తలుపులేసుకుని చీర కట్టుకుంటే భార్య రేచల్ ఆ గదిలోకి వచ్చేది కాదు. అరిచేదీ కాదు.

కొడుకు కూడా కాదంటే తనకింకెవరున్నారు? మర్నాడు హనుమాన్ జంక్షన్ వెళ్ళి, ఎవరూ ఎరగని సెలూన్‌లో కూర్చుంది.

"బాగా పొట్టిగానా అండీ?"

"ఊఁ."

కళ్ళు తెరిచేసరికి అద్దంలో మళ్ళీ సువర్ణరాజు. బయటికొచ్చి, తలకి తువ్వాలు చుట్టుకుని బస్సెక్కింది.

పెళ్ళి బాపులపాడు చర్చిలో. మే నెల ఎండ. పొద్దున్నే రేచలే పాత దుప్పటి చింపి ఆమె ఛాతీకి కట్టు కట్టింది.

"ఇంకా బిగించు" అంది సువర్ణ.

"ఊపిరాడదండీ."

"బిగించు."

పైన బనీను, చొక్కా, కోటు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా, మగవాళ్ళ వరసలో ముందు నిలబడ్డ సువర్ణకి చర్చి గోడలు ఊగినట్టయ్యాయి. బల్ల పట్టుకోబోయి పడిపోయింది.

తెలివొచ్చేసరికి చొక్కా గుండీలు విప్పేసి ఉన్నాయి. పెళ్ళికూతురి మేనమామ జగన్మోహనరావు గాలాడాలని బనీను పైకి జరిపి, కట్టు సడలించి, చూసింది అర్థమయ్యాక చేతులు వెనక్కి తీసుకున్నాడు. మూగినవాళ్ళంతా ఒక్కసారిగా దూరం జరిగారు. రేచల్ వాళ్ళని తోసుకుంటూ వచ్చి, పక్కన పడున్న కోటు తీసి ఆమె మీద కప్పింది.

పెళ్ళి ఆగలేదు. సువర్ణని బయట ఆటోలో పడుకోబెట్టారు. లోపల కొడుకు ప్రమాణం చేస్తున్న గొంతు మైకులో వినబడింది. గంట తర్వాత దండలతో బయటికొచ్చిన సంతోష్, ఆటో వైపు ఒక్క క్షణం చూసి, భార్యతో కారెక్కాడు.

వాళ్ళని కారెక్కించి రేచల్ ఆటో దగ్గరికి వచ్చింది.

"వాడేమన్నాడు?" అనడిగింది సువర్ణ.

"ఊపిరి సరిగ్గా ఆడుతోందా అన్నాడు."

"అంతేనా?"

"అంతే." రేచల్ ఆమె మీది కోటు సరిచేసింది. "ఇంక దాచడానికేం మిగల్లేదు. రేపట్నుంచి చీరే కట్టుకోండి. కానీ నన్ను మీ పక్కన నడవమనకండి. నావల్ల కాదు."

సోమవారం సువర్ణ చీర కట్టుకుని పనికి బయల్దేరింది. రేచల్ గుమ్మంలో నిలబడి చూసింది. వద్దనలేదు. ఇరవై ఏళ్ళుగా అంట్లు కట్టిన తోటలో యజమాని ఆమెని గేటు దాటనివ్వలేదు. ఆమె ఏడుస్తూనే ఇంకో తోట దారి పట్టింది.