బట్టీ తాత తెల్లకోటు

తొమ్మిది కొట్టేసరికి బట్టీ తాత సేవా భవనంలో తన కుర్చీలో ఉండాలి. ఉండేవాడు కూడా. ముప్పై ఒక్క ఏళ్ళు బ్రెడ్డు కంపెనీ సైరన్ కూతకి లేచిన ఒళ్ళు, ఇప్పుడు బద్ధకిస్తుందా? తెల్లకోటు వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, మనవరాలు పిచ్చుకని వేలు పట్టి నడిపించుకుంటూ వచ్చేవాడు. కుర్చీ చుట్టూ చాపలు పరిచి ఉండేవి. పేట జనం ఒక్కొక్కరే వచ్చి వాటి మీద సర్దుకునేవాళ్ళు. పావుగంట, అంతే. ఎవరో ఒకరు బ్రేవ్‌మని త్రేన్చేవారు. ఆ వెనకే ఇంకొకరు. చంటిపిల్లలు ఏడుపు ఆపి తల్లుల భుజాల మీద నిద్రపోయేవాళ్ళు.

ఏమిటంటే, ఆయన ఒంటి నిండా బ్రెడ్డు వాసన. అప్పుడే బట్టీలోంచి తీసిన బ్రెడ్డు వాసన. అన్నేళ్ళు బట్టీ ముందు నిలబడ్డాడు కదా, ఒంట్లోకి దిగిపోయింది. అది పీల్చినవాళ్ళకి కడుపు నిండిపోతుంది. దాని గురించి పేటలో ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకున్నది లేదు. ఒకరికి ఉంగరాల జుట్టు ఉంటుంది, ఒకరికి ఎడమచేతి వాటం ఉంటుంది, బట్టీ తాతకి ఇది ఉంది. ఇంతోటి దానికి నోరు వెళ్ళబెట్టి చూస్తారా?

కంపెనీలో కొత్త మిషన్లు దిగిన ఏడాది పాత బట్టీలు ఆర్పేశారు. వాటితో పాటే సగం పేటలో పొయ్యిలు ఆరిపోయాయి. కంపెనీ వాళ్ళకీ మనసుంది, లేదనకూడదు. ‘మన పేట కడుపు మన బాధ్యత’ అని ఇంత బోర్డు రాయించారు, సేవా భవనం కట్టించారు, వారం వారం రెండు వ్యాన్ల బ్రెడ్డు పంపారు. దింపి పంచే పని బట్టీ తాతకి అప్పగించారు. అక్కడే వచ్చింది తంటా. ఆయన చేతి నుంచి బ్రెడ్డు అందుకున్నవాళ్ళు రెండు ముక్కలు తినేసరికే చాలు చాలనేవాళ్ళు. సేవా విభాగం మేడమ్ గోడకి ఆనుకుని రెండు వారాలు చూసింది. చెడ్డ మనిషి కాదు పాపం, వృథా అంటే గిట్టని మనిషి.

“తాతగారూ, తినకుండానే నిండుతుంటే ఇంక బ్రెడ్డు ఎందుకండీ, పారెయ్యడానికా?” అంది.

రెండు వ్యాన్లు ఒకటయింది. ఆ ఒకటీ ఆగిపోయింది. తాతకి మాత్రం జేబు మీద కంపెనీ గుర్తుతో తెల్లకోటు కుట్టించారు. ఆదివారం తప్ప రోజూ, పొద్దునా సాయంత్రమూ అది వేసుకుని భవనంలో కూర్చోవాలి.

గొప్పలకి పోయే మనిషి కాదు గానీ, కోటు వేసుకున్న మొదటి రోజు అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు. బట్టీ ఆరినప్పుడు తనూ ఆరిపోయాననుకున్నాడు మరి. “చూశావుటే, ఉత్త చేతులతో ఇంతమందికి పెడుతున్నాను,” అన్నాడు కూతురితో.

“పెట్టావులే నాన్నా, ముందు నువ్వు తిను,” అంది కూతురు.

ఆయనకి ఆకలి ఎలాగూ తెలీదు. మధ్యాహ్నం సైరన్ కూస్తే తింటాడు, లేకపోతే లేదు. కూతురు కంపెనీలోనే ప్యాకింగు పని చేస్తుంది. భర్త పోయాక పిల్లని చంకనేసుకుని తండ్రి దగ్గరికి వచ్చేసింది. పగలంతా పనిలో ఉంటుంది, అక్కడి క్యాంటీన్లో తింటుంది. ఇక సాయంత్రం ఇల్లు చేరితే ఆమెకీ ఆకలుండదు. పిచ్చుక ఒక్కతే పొద్దస్తమానం తాతతో. ఐదేళ్ళ పిల్ల. కంచం ముందు పెడితే మొహం తిప్పేసి, “బొజ్జ నిండిపోయింది తాతా,” అనేది. ఆ మాటకి ఆయన ఎంత మురిసిపోయేవాడో! మా పిచ్చుక ఆకలంటే ఏమిటో తెలియకుండా పెరుగుతోందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పెరుగుతోందట!

బడిలో చేర్చాలంటే ఆరోగ్య కేంద్రం నుంచి కాగితం తెమ్మన్నారు. ఒక బుధవారం ముగ్గురూ వెళ్ళారు. నర్సమ్మ పిచ్చుకని తూకం మిషన్ ఎక్కించి, కార్డు చూసి, మళ్ళీ ఎక్కించింది. మిషన్ని ఓసారి చేత్తో తట్టి మూడోసారి ఎక్కించింది.

“పదకొండు నెలల కిందట పదమూడు కిలోలు. ఇవాళ పన్నెండున్నర. ఏం పెడుతున్నారమ్మా పిల్లకి?”

“పెడతామండీ. తినదు. ఆకలి లేదంటుంది,” అంది కూతురు.

నర్సమ్మ పిల్ల దండచెయ్యి పట్టుకుంది. ఆమె బొటనవేలూ చూపుడువేలూ చుట్టూ తిరిగి కలుసుకున్నాయి. పొద్దున్నుంచీ తను ఏమీ తినలేదనీ, అయినా కడుపు నిండుగా ఉందనీ అప్పుడు తట్టిందావిడకి. గాలి ఓసారి ఎగబీల్చి తాత వంక తిరిగింది.

“పెద్దాయనా, మీరు కాస్త గేటు అవతలికి వెళ్ళండి. ఇంకా. ఇంకా అవతలికి.”

తాత రోడ్డు దాటి అటువైపు గోడ దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి లోపల్నుంచి కేక వినిపించింది. అది మామూలు పేచీ కాదు. పదకొండు నెలల ఆకలి ఒక్కసారిగా లేచిన ఏడుపు. “అమ్మా, ఆకలే! అమ్మా, ఆకలే!” ఆయన పరుగున రోడ్డు దాటబోయి సగంలో ఆగిపోయాడు. తను వెళ్తే ఆ ఏడుపు ఆగిపోతుంది. బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి తిడుతున్నా అక్కడే నిలబడ్డాడు, నర్సమ్మ పాలు పట్టించి పిల్ల శాంతించేదాకా.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆకలే తెలియని పిల్ల ఏమని అడుగుతుంది?

ఆ సాయంత్రం సేవా భవనంలో ఆయన మొదటిసారి జనం మొహాలు కాకుండా చేతులూ నడుములూ చూశాడు. కుట్టుపని ఆవిడ ఉంగరం జారిపోకుండా దానికి దారం చుట్టుకుంది. పాత వ్యాను డ్రైవరు బెల్టుకి మేకుతో కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. చంటిపిల్లలు ఏడవడం లేదు, కేరింతలూ కొట్టడం లేదు. “ఏం తాతా, అదోలా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?” అని వాళ్ళే ఆయన్ని పరామర్శించారు. సిగ్గుతో ఆయన తలెత్తలేకపోయాడు.

మర్నాడు మేడమ్ గదికి వెళ్ళాడు.

“అమ్మా, మళ్ళీ బ్రెడ్డు పంపండమ్మా. ఒక్క వ్యానయినా.”

“ఎవరైనా అడిగారా తాతగారూ?”

“అడగరమ్మా. వాళ్ళకి తెలీడం లేదు.”

“ఆకలని ఒక్కరంటే ఒక్కరు చెప్పనివ్వండి, రేపే పంపిస్తాను. ఏడాదిలో ఒక్క ఫిర్యాదు లేదు మన మీద. మొన్న సేవా పురస్కారం కూడా ఇచ్చారు.” ఆమె నిజంగానే ఆప్యాయంగా ఆయన చెయ్యి పట్టుకుంది. “మీరే మా బ్రెడ్డు తాతగారూ.”

ఆయన ఉన్న గదిలో ఆవిడకి మాత్రం ఆకలి ఎలా తెలుస్తుంది? మధ్యాహ్నం దాటినా ఆవిడ భోజనం డబ్బా మూత తియ్యకుండా బల్ల మీద అలాగే ఉంది.

ఇంటికి వచ్చి ఒళ్ళు తోముకున్నాడు. సబ్బుతో, సోడాతో, ఆఖరికి కిరసనాయిలుతో. చర్మం లేచి నెత్తురు కనిపించింది గానీ వాసన ఇసుమంత తగ్గలేదు. కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది.

“చాలు నాన్నా, చాలు.”

“నేను వెళ్ళిపోతానే. పిల్ల అడుగుతుంది, అడిగినప్పుడల్లా పెట్టు. నేను లేకపోతే భవనంలో వాళ్ళూ ఆకలని అరుస్తారు. అరిస్తే కంపెనీ పెట్టక చస్తుందా?”

కూతురు వద్దని అనలేకపోయింది. అనలేకపోయినందుకు ఏడ్చింది.

తెల్లవారి అందరికంటే ముందే భవనానికి వెళ్ళి, కోటు విప్పి, మడత పెట్టి కుర్చీలో ఉంచాడు. పని మానేటప్పుడు కంపెనీ వస్తువు కంపెనీకి అప్పగించాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో చేతిగుడ్డ కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. అక్కణ్ణుంచి తిన్నగా పేట చివర మూతపడ్డ పిండిమర కాపలా గదిలోకి చేరాడు. చుట్టూ గడ్డీ తుప్పలూ, నరమానవుడు రాడు.

ఆదివారం ఆదివారం కూతురు వచ్చి, దూరంగా రాయి మీద డబ్బా పెట్టి, వెనక్కి వెళ్ళి నిలబడేది. మంచీ చెడూ కేకలు వేసుకునేవాళ్ళు. ఆరో ఆదివారం పిచ్చుకని కూడా తీసుకొచ్చింది. తూకం కార్డు పైకెత్తి చూపించింది. అంత దూరం నుంచి ఆయనకేం ఆనుతుంది? వేళ్ళు చూపించింది. ఏడు.

“ఏడు వందల గ్రాములు పెరిగింది నాన్నా!”

ఆయన గడ్డిలో కూలబడి పిచ్చివాడిలా నవ్వాడు. చాలాసేపటికి తేరుకుని, “భవనంలో వాళ్ళ సంగతి నేనెప్పుడడిగినా మాట దాటేస్తావేమే? అరిచారా? బ్రెడ్డు పంపారా?” అని కేకేశాడు.

కూతురు కార్డు మడిచి కొంగున ముడేసుకుంది.

“చెప్పవే!”

“కోటు వదిలేసి వచ్చావు కదా నాన్నా. దాన్ని కుర్చీకి తొడిగారు. అందరూ దాని చుట్టూ కూర్చుంటున్నారు.”

“నిండుతోందా?”

“నిండుతోంది. ఆదివారం కూడా తెరుస్తున్నారు. కోటుకి సెలవెందుకన్నారు.”

“కాల్చెయ్యవే దాన్ని! నీకు పుణ్యముంటుంది, కాల్చెయ్యి!”

“నా పని పోతుంది నాన్నా. పనిపోతే పిల్లకేం పెట్టను?”

ఆయన గడ్డి పీకి పక్కన పెడుతూ కూర్చున్నాడు. ఈలోగా పిచ్చుక తల్లి చెయ్యి విడిపించుకుంది. “తాతా!” అంటూ ఒకటే పరుగు. కాళ్ళలోకి కొత్తగా సత్తువ వచ్చింది కదా, తల్లికి అందలేదు.

“పట్టుకోవే! పట్టుకో!” అని అరుస్తూ ఆయన లేచి వెనక్కి వెనక్కి నడిచాడు.

పిల్ల ఇరవై అడుగుల దూరంలో టక్కున ఆగింది. చేతిలో సగం కొరికిన బ్రెడ్డు ముక్క వంక చూసి కింద పడేసింది. బొజ్జ మీద చెయ్యి వేసుకుని, ఆయనకి ఇష్టమైన మాట చెప్తున్నట్టు నవ్వింది.

“తాతా, బొజ్జ నిండిపోయింది.”

బట్టీ తాత వెనక్కి తిరిగి పరిగెత్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చెప్పుల్లేని కాళ్ళతో, తుప్పలకి అడ్డం పడి పరిగెత్తాడు. వెనక నుంచి “అమ్మా, ఆకలే” అన్న ఏడుపు వినిపించేదాకా ఆగలేదు.