పెట్టెలోని బురఖా

పోలీసు యాక్షన్ అయిపోయిందని బజారంతా అంటున్నా నాగమణమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఎండాకాలంలో రజాకార్లకు భయపడి బేగంబజార్ వదిలి బెజవాడ రైలెక్కిన నాడు పక్కింటి రబియా తనకు తొడిగిన బురఖా, తిరిగి ఇల్లు చేరాక కూడా ఇంకా తన పెట్టెలోనే ఉంది.

తలుపు తట్టింది రబియానే.

"అక్కా, అఫ్జల్‌గంజ్ దాటి అమ్మోళ్ళింటికి పోవాలె. తొవ్వల మా తురకోళ్ళను ఆపి కొడుతుండ్రంట. చీర ఒకటియ్యి. బొట్టు గూడ పెట్టు."

చీర కట్టించి నాగమణమ్మ కుంకుమ పెట్టింది. బొట్టు వంకర పోయింది. తుడిచి మళ్ళీ పెట్టింది.

"ఏం రోగమొచ్చిందే ఈ ఊరికి!" అంటూ పెట్టె తీసి బురఖా చేతికివ్వబోయింది.

రబియా అందుకోలేదు. "నీ కాడనే ఉండనియ్యక్కా. మళ్ల ఎవరి దినాలొస్తయో!"

నాగమణమ్మ దాన్ని మడిచింది. ఈసారి పెట్టె అడుగున దాచలేదు, చేతికందేలా అన్నిటికంటే పైన పెట్టింది.