అందరూ హాల్లోకి రండి

మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. మా అత్తయ్య ఆదెమ్మగారు ఊరందరికీ చెప్పుకునే గొప్ప ఇది. నిజమే, లేవు. వాటి బదులు డిటెక్టివ్ సినిమాలున్నాయి.

కొత్తవైనా కావు. అరవై ఏళ్ళ కిందటి ఇంగ్లీషు సినిమాలు, నలుపు తెలుపు, పేరు తెలిసిన హీరో ఒక్కడూ లేనివి. రెండు వేల ఆరులో హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద యాభై సినిమాల డీవీడీల డబ్బా ఒకటి దొరికింది. అప్పట్నుంచి ఏన్కూరులో మా ఇంట్లో ఆదివారం అంటే హత్యే.

ఆయన పేరు ఉదయ్ భాస్కర్. ఖమ్మంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతారు, మిగిలిన టైములో మిరపతోట చూస్తారు. అంటే తోట నేను చూస్తాను, చూశానని ఆయన చెబుతారు.

"పాపం, డబ్బుల్లేకుండా తీశారు లతా. ఉన్నది ఒకటే గది. కర్టెన్ మార్చి దాన్నే మూడిళ్ళుగా చూపిస్తారు. సెట్టు వేసే స్తోమత లేక గోడల మీద చీకటి పెట్టారు. ఆ చీకటే అందం" అంటారు.

"మనకు రోజూ ఆరు గంటలు కరెంటు తీసేసి ఆ అందాన్ని ఊరికే ఇస్తున్నారు, కూర్చుని చూడండి" అంటాను.

అసలు నాకు ఒళ్ళు మండేది ఆ కరెంటు దగ్గరే. సినిమా గంటా అయిదు నిమిషాలు. చివర్లో డిటెక్టివ్ అందరినీ హాల్లోకి పిలిచి, కుర్చీల్లో కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ హంతకుడెవరో చెబుతాడు. ఈయన సినిమా పెట్టేది పదకొండింటికి. పన్నెండింటికి కరెంటు పోతుంది. పదిన్నరకు పెట్టండి మహానుభావా అంటే, పదిన్నరకు స్నానమట. ఎవరో దొరగారిని ఎవరు చంపారో తెలియక నేను పప్పులో రెండుసార్లు ఉప్పు వేసిన రోజులున్నాయి. తిట్టుకుంటూనే ఒక్క సినిమా వదల్లేదు, అది ఒప్పుకోవాలి.

మాతోపాటు చూసే మనిషి ఒకామె ఉండేది, మంగ్లి. కారేపల్లి వైపు తండా నుంచి మిరపకాయ ఏరడానికి పదిమంది ఆడవాళ్ళను తీసుకొచ్చే మేస్త్రి. ఏడేళ్ళ నుంచి మాకు ఆమే. ఆమె మాట మీదే ఆ పదిమందీ కదులుతారు, ఆమె మాట మీదే ఈ చుట్టుపక్కల రైతులు వాళ్ళను కల్లాల్లోకీ ఇళ్ళ వసారాల్లోకీ రానిస్తారు. కల్లంలో తాలుకాయలు ఏరుతూ ఏరుతూ నీళ్ళకని వచ్చి, చెంబు పట్టుకుని హాలు తలుపు దగ్గర నిలబడి చూసేది. ఇంగ్లీషు ముక్క రాదు.

కరెంటు పోగానే మా ఆయన అడిగేవారు. "చెప్పు మంగ్లీ, ఎవరు చంపింది?"

"గా డాక్టరే సారూ."

సాయంత్రం కరెంటొచ్చాక చూస్తే డాక్టరే. ఒకసారి కాదు, ప్రతిసారీ ఆమె చెప్పినవాడే. ఎట్లా కనిపెట్టావని అడిగితే నవ్వి, చెంబు దించి వెళ్ళిపోయేది. లెక్చరర్‌గారు మాత్రం యాభైలో నాలుగు కనిపెట్టారు.

డబ్బా కొన్న మరుసటేడు శ్రీరామనవమికి అత్తయ్య భద్రాచలం వెళ్ళి మూడు రోజులుండి వచ్చారు. ఆ జనంలో ఎందుకని బంగారు గుండ్ల పేరు మెడలోంచి తీసి ఇంట్లో దాచి వెళ్ళారు. వచ్చిన రోజు పొద్దున్నే ఇల్లంతా వెతికి, వసారాలో కూలబడ్డారు.

"బీరువాలో పెట్టాను. లేదు."

"బీరువా తాళం నా దగ్గరే ఉంది కదా అత్తయ్యా, ఎవరూ తియ్యలేదే" అన్నాను.

"ఈ మూడ్రోజులూ ఇంటి చుట్టూ తిరిగింది ఎవరు? ఆ తండావాళ్ళేగా" అన్నారామె.

ఆ మాట గడప దాటకూడదని నేను అనుకునేలోపే ఊరి చివరిదాకా వెళ్ళింది. మధ్యాహ్నానికి పక్క చేను వెంకటనారాయణ బాబాయిగారు, మంగ్లి ముఠాను రేపట్నుంచి రావద్దన్నానని కబురు చేశారు. సాయంత్రానికి ఇంకో రెండిళ్ళ వాళ్ళు అదే మాట అన్నారు. సీజన్ ఆఖర్లో, ఆఖరి ఏరుడు ముందర, ఏడేళ్ళ పేరు ఒక్క పూటలో పోయింది.

పోలీసులకు చెబుదామన్నారు అత్తయ్య. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అక్కర్లేదు. నేను తేలుస్తాను. రేపు పదకొండింటికి అందరూ హాల్లోకి రండి."

పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. ఆ మొహంలో అంత వెలుగు పెళ్ళి ఫోటోలో కూడా లేదు.

మర్నాడు ఆదివారం. నేనే నాలుగు కుర్చీలు వేశాను. అత్తయ్యకొకటి, నాకొకటి, పెద్దమనిషిగా వచ్చిన బాబాయిగారికొకటి, ఆయనకొకటి. ఆయనది ఖాళీగానే ఉంది, తిరుగుతున్నారు కదా, చేతులు వెనక్కి కట్టుకుని. మంగ్లి తలుపు దగ్గర నిలబడింది, రోజూ నిలబడే చోటే. ఆమెతో వచ్చే పదిమందీ బయట అరుగు మీద కూర్చున్నారు.

మా ఆయన తల్లిని రెండు ప్రశ్నలడిగారు. నన్నొకటి అడిగారు. తర్వాత మంగ్లి వైపు తిరిగారు.

"అమ్మ ఊరెళ్ళాక, బస్తాలు లారీకెక్కించిన రోజు ఇంట్లోకి ఎన్నిసార్లు వచ్చావు?"

"నీళ్ళకు రెండుసార్లు సారూ."

"ఎన్ని బస్తాలు కుట్టారు?"

అదెందుకు అడిగారో నాకు తెలియదు. ఆయనకూ తెలియదని ఇప్పటికీ నా నమ్మకం.

"ముప్పైయొక్కటి. ముప్పై లారీకి. నీలం దారంతోటి కుట్టింది ఒకటి ఇంటికి" అంది మంగ్లి. మా ఆయన వైపు చూసి, "లారీ కాడ ఒక బస్తా చినిగి కాయంత పారింది కద. ముప్పై నిండుతలేదని నీలం దారం బస్తా మీరే ఎక్కియ్యమన్నరు" అంది.

అత్తయ్య కుర్చీలోంచి లేచారు.

"ఇంటి బస్తా ఎక్కించావా? కోల్డ్ స్టోరేజీకి పోయిందా? నా గుండ్ల పేరు అందులో ఉందిరా."

సంగతి ఇదీ. మిరపకాయల బస్తాలో దొంగ చెయ్యి పెట్టడని అత్తయ్యకు వాళ్ళమ్మ కాలం నుంచీ అలవాటట. ఎక్కడికైనా వెళ్తే ఇంటికి ఉంచుకునే బస్తా మూతి దగ్గర రెండు కుట్లు విప్పి, బంగారం లోపలికి తోసి, మళ్ళీ కుట్టేస్తారట. తిరిగొచ్చి చూస్తే మూలన బస్తా లేదు. కుట్టినవాళ్ళే మోసుకుపోయారనుకున్నారు. బస్తా ఏమైందని మమ్మల్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే దాచిన చోటు కోడలికి తెలిసిపోతుంది. అందుకని బీరువా అన్నారు.

ఇక హాల్లో ఎవరి గోల వాళ్ళది. ఆయన కోల్డ్ స్టోరేజీ రసీదు వెతుక్కుని ఖమ్మం బస్సుకు పరిగెత్తారు. బాబాయిగారు "పోన్లెండి, బంగారం ఎక్కడికీ పోలేదు" అని నవ్వారు. అత్తయ్య మంచినీళ్ళడిగారు. నేను వెళ్ళి తెచ్చిచ్చి తిరిగి చూస్తే తలుపు దగ్గర ఎవరూ లేరు. అరుగు కూడా ఖాళీ.

కోల్డ్ స్టోరేజీలో వేల బస్తాల మధ్య నీలం దారం వెతకడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. కళ్ళు వాచిపోయి, తుమ్ముతూ తుమ్ముతూ వచ్చి, గుండ్ల పేరు టేబుల్ మీద పెట్టి, "కేసు తేలిపోయింది లతా" అన్నారు. చేతిలో ఉన్న గరిటె ఎక్కడ పెట్టాలో నాకు ఒక క్షణం తోచలేదు.

మూడో రోజూ తోటకు ఎవరూ రాలేదు. ఆయన్ను స్కూటరెక్కించి తండాకు తీసుకెళ్ళాను. మంగ్లి భర్త పూల్‌సింగ్ పందిరి కింద రెండు కుర్చీలు వేశాడు. మేం కూర్చున్నాం. మంగ్లి నిలబడింది.

"దొరికింది మంగ్లీ. నీ తప్పేం లేదని తేలిపోయింది" అన్నారాయన, ఏదో పాసైనట్టు.

"నా తప్పు లేదని నాకెర్కనే సారూ" అంది మంగ్లి. గొంతు పెంచలేదు. "మీ సినిమాలల్ల మొదలు ఎవరి మీద అనుమానపడ్తరో ఆళ్ళు ఎన్నడన్న దొంగలైండ్రా? ఎవ్వరు అనుమానపడనోన్ని చూసే నేను చెప్పేది. ఇంగిలీషు రానిదాన్ని, తలుపుకాడ నిలవడి సగం సగం చూసినదాన్ని. నాకే ఎర్కైంది. మీరు యాభై చూసిన్రు."



నేను కుర్చీలోంచి లేచాను. "తప్పు మాది మంగ్లీ. మొన్న నీకు కుర్చీ వెయ్యాల్సింది నేను. వెయ్యలేదు."

ఆమె నా వైపు తిరిగింది. "వెంకటనారాయణ సారుకు చెప్పిన్రా?"

చెప్పలేదు. గుండ్ల పేరు దొరికిందని అందరికీ చెప్పుకున్నాం గానీ మంగ్లి మాట ఎక్కడా ఎత్తలేదు. ఆ సాయంత్రం ఆయన్ను ఆరిళ్ళు తిప్పాను. ప్రతి ఇంట్లోనూ నిలబెట్టి, "బస్తా ఎక్కించింది నేనే, మంగ్లికి ఏ పాపం తెలియదు" అనిపించాను. నాలుగో ఇంట్లో నీళ్ళు నమిలితే మళ్ళీ మొదట్నుంచి చెప్పించాను. అత్తయ్య మాత్రం రాలేదు. కాళ్ళ నొప్పులట. భద్రాచలం గుడి మెట్లెక్కినప్పుడు ఆ నొప్పులు లేవు.

మంగ్లి వచ్చింది. పదిమందితో కాదు, ఆరుగురితో. మిగతా నలుగురూ ఏరని నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

ఆదివారం ఆయన మళ్ళీ డబ్బా తెరిచారు. ఆ రోజు దేవుడి దయవల్ల పదిన్నరకే పెట్టారు. కరెంటు చివరిదాకా ఉంది. డిటెక్టివ్ అందరినీ హాల్లోకి పిలిచాడు. కుర్చీలు, సోఫాలు, అందరూ కూర్చున్నారు. వెనకాల తలుపు దగ్గర, తెల్ల ఏప్రను కట్టుకుని ఒక పనిమనిషి నిలబడి ఉంది. ఈ సినిమా నేను ఇంతకుముందు రెండుసార్లు చూశాను. ఆమె అక్కడ నిలబడి ఉండటం ఎన్నడూ చూడలేదు. పోలీసులు మొదట అనుమానించింది ఆమెనే.

అసలువాడు దొరికాడు. పోలీసులు తీసుకుపోయారు. కూర్చున్నవాళ్ళందరూ లేచి, నవ్వుతూ, మాట్లాడుకుంటూ ఆమె పక్కనుంచే వెళ్ళిపోయారు. ఆమెతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

"చూశావా, ఎలా పట్టుకున్నాడో" అన్నారు మా ఆయన.

నేను రిమోట్ లాక్కుని టీవీ కట్టేశాను.