పాడవని ఇంజను

గున్వోర్ నాలుగో స్పార్క్ ప్లగ్ విప్పి కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. మొదటి మూడూ గోధుమరంగులో ఉన్నాయి. ఇది మాత్రం సున్నంలా తెల్లబడి, కొన మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు అతుక్కుని ఉంది. ఆ సిలిండర్‌కు పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇప్పుడున్న వేడికే ఓర్చుకోలేకపోతోంది. దాన్ని మిగతా మూడింటి పక్కన గుడ్డ మీద పెట్టి, నెరిసిన జడను చొక్కా కాలర్‌లోకి దోపుకుని, ఆమె మళ్లీ బానెట్ కిందికి వంగింది.

షెడ్డు అవతలి మూల నుంచి తమ్ముడు స్టెల్లన్ ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది. "అయిపోతుందిలే, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. అక్క చూస్తోందిగా!"

గున్వోర్ చేతిలో స్పానర్ ఆగింది.

"ఎవరికి చెప్పావురా మధ్యాహ్నానికని?"

"ఎర్లాండ్‌కి. నీ ముందున్న కారు అతనిదే కదా."

"నన్నడిగి చెప్పావా?"

"అడిగితే నువ్వేం చెప్తావో నాకు తెలీదూ?" అన్నాడు స్టెల్లన్. నవ్వుతూనే అన్నాడు. అతను ఏదైనా నవ్వుతూనే అంటాడు. అందుకే మెల్లెరుద్ ఊళ్లో అందరికీ స్టెల్లన్ అంటే ఇష్టం. గున్వోర్ అంటే గౌరవం. ఈ రెండింట్లో ఏది ఉంటే కస్టమర్లు ఎక్కువ వస్తారో ఆమెకు చాలా కాలంగా తెలుసు.

ఆమె భారీ మనిషి. మణికట్లు వెడల్పు, భుజాలు కొంచెం ముందుకు వాలి ఉంటాయి. కుడి మోచేతి కింద నున్నటి మచ్చ, ఎప్పుడో కాలుతున్న పొగగొట్టానికి చెయ్యి తగిలి మిగిలినది. యాభై తొమ్మిదేళ్లు వచ్చినా చెవులు మాత్రం పిల్లిచెవులు. వయసులో ఉండగా నది దిగువన కార్ల ఫ్యాక్టరీలో, ఇంజన్లను పరీక్షించే గదిలో పనిచేసింది. అక్కడ ఆమె పని ఇంజన్లను చంపడం. బల్లకు బిగించిన కొత్త ఇంజనుకు గాలి పెంచుతూ, వేడి పెంచుతూ, అది ఎక్కడ చస్తుందో చూసి చెప్పాలి. చచ్చే ముందు ప్రతి ఇంజనూ ఒక చప్పుడు చేసేది, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఒక్కసారి కదిపినట్టు. ఆ చప్పుడు ఇంకా మొదలుకాకముందే ఆమెకు వినబడేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక తమ్ముడు రైలు పట్టాల పక్కన ఈ షెడ్డు తీసుకుని, "నీ చెవులు, నా నోరు. చాలదూ?" అని పిలిచాడు. అప్పటి నుంచీ టర్బో కార్లకు బలం పెంచడమే ఇద్దరి పని.

గున్వోర్ ఈసారి గాలి గొట్టం ఊడదీసి, టర్బో మూతిలోకి రెండు వేళ్లు పెట్టి చక్రాన్ని పట్టుకుంది. ఇంజను వదిలే వేడి పొగ ఊపుకు ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసు మీద ఈ రెండో చక్రం తిరిగి ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. ఇరుసు కొంచెమైనా ఊగకూడదు. ఇది ఊగుతోంది. చాలా ఏమీ కాదు. మామూలుగా నడుపుకుంటే ఇంకో రెండేళ్లు లాగుతుంది. కానీ ఎర్లాండ్‌కు మామూలుగా నడపడం కాదు కావలసింది. అతని దగ్గర బ్లెండా అనే ఆడగుర్రం ఉంది. శనివారం ఓర్యెంగ్‌లో దాని పరుగు పందెం. దారిలో హోవెరుద్ దాటాక వచ్చే ఎత్తు ఎక్కాలంటే గుర్రం ట్రైలర్‌తో ఈ ముసలి స్టేషన్ వాగన్ రొప్పుతోందట, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయట.

మధ్యాహ్నం కాకుండానే ఎర్లాండ్ వచ్చేశాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ గుర్రానికి పెట్టే క్యారెట్ ముక్క. స్టెల్లన్ కాఫీ పోసి, దాల్చినచెక్క బన్నులు ముందు పెట్టాడు. గున్వోర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడే ఉంది.

"చెప్పు డాక్టరమ్మా," అన్నాడు ఎర్లాండ్. "బతుకుతుందా?"

"బతుకుతుంది. బలం పెంచొద్దు, అంతే."

"బలం పెంచమనేగా తెచ్చింది!"

"పెంచుదాం. ముందు ట్యాంకులో పంపు మార్చాలి. అది అలిసిపోయింది, పెట్రోలు సరిగా తోయడం లేదు. టర్బో ఇరుసు ఊగుతోంది. గాలిని చల్లబరిచే డబ్బా సగం బురదతో మూసుకుపోయింది. ఇవన్నీ బాగుచేసి, ప్లగ్గులు మార్చి, అప్పుడు నిలబెట్టిన చోటే చక్రాలు తిరిగేలా రోలర్ల మీద పెట్టి కొంచెం కొంచెంగా గాలి పెంచుతాను. ప్రతిసారీ ఆగి వింటాను. అప్పుడు నీకూ భయం లేదు, గుర్రానికీ భయం లేదు."

"ఎప్పటికి?"

"సామాను రావాలి. రెండు వారాలు."

ఎర్లాండ్ బన్ను పళ్లెంలో పెట్టేశాడు. "శనివారం పందెం గున్వోర్. గుర్రాన్ని ఆగమంటే ఆగుతుందా? ఇప్పుడున్నంత ఊపులో అది మళ్లీ ఉంటుందో ఉండదో. బెంగ్స్‌ఫోర్స్‌లో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ తగిలించి, కాఫీ తాగేలోగా చేసి పంపిస్తున్నాడట."

"అయితే అక్కడికే వెళ్లు."

"అక్కా!" అన్నాడు స్టెల్లన్.

"పైన బలం, కింద కుళ్లు. అలాంటి పని నేను చెయ్యను."

ఎర్లాండ్ తన కప్పులోకి చూస్తూ, "మీ ఆయన ఊరికే వెళ్లిపోలేదమ్మా," అని గొణిగాడు. తమాషాకే అన్నాడు. ఊళ్లో అందరికీ తెలిసిన తమాషానే అది. కార్ల్‌స్టాడ్ వెళ్లిపోతూ ఆమె భర్త బార్లో అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు: "గున్వోర్‌తో సంతోషపడాలన్నా, ముందు కాసేపు వేడెక్కనివ్వాలి." గున్వోర్ కూడా ఆ మాటకు చాలాసార్లు నవ్వింది. ఈ రోజు నవ్వు రాలేదు.

గురువారం కాబట్టి స్టేషన్ దగ్గర హోటల్లో బఠానీల సూపు ఉంటుంది. ఆమె వెళ్లి కూర్చుంది. సూపు మీద ఆవపిండి ముద్ద వేసుకుంది గానీ కలపలేదు. తప్పు ఎక్కడుందో ఆమెకు అర్థం కాలేదు. తను చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అయినా చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ల మొహాలు ఇలాగే ముడుచుకుంటాయి. ఆమె కాపాడిన ఇంజన్లు ఈ జిల్లా అంతటా తిరుగుతున్నాయి. పాడవని ఇంజను గురించి ఎవడూ ఫోను చేసి చెప్పడు. పాడవకపోవడం అంటే ఏమీ జరగకపోవడం. ఏమీ జరగనందుకు ఎవరు ఎవరికి కృతజ్ఞతలు చెప్తారు?

సగం సూపు వదిలేసి లేచేసరికి ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. దాల్స్ లాంగెద్ అవతల పాత కార్లు విడదీసి అమ్మే ఒకాయన ఉన్నాడు. పోయిన నెల అతని పెరట్లో ఇదే రకం కారు, వెనక భాగం నుజ్జయి పడి ఉండడం ఆమె చూసింది. ముందు భాగం దెబ్బతినలేదు. పంపూ, టర్బో దొరికితే ఇవాళా రేపూ కూర్చుని బిగించేయొచ్చు. గాలి పెద్దగా పెంచకపోయినా, ఎత్తు ఎక్కేందుకు చాలినంత పెంచొచ్చు. శనివారం పొద్దున కారు ఇచ్చేయొచ్చు. రెండు వారాలని అంత గట్టిగా ఎందుకన్నానా అని తనమీద తనకే విసుగొచ్చింది.

ఆ పెరట్లో వాన తుంపర పడుతోంది. ఆమె తడి గడ్డి మీద వెల్లకిలా పడుకుని పంపు విప్పుకుంది. టర్బో నట్లు తుప్పుపట్టి ఊడనంటే, నూనె పోసి, ఆగి, మళ్లీ తిప్పి ఊడదీసింది. చక్రాన్ని వేళ్లతో పట్టుకుని ఊపి చూసింది. కదలలేదు. బిగుతుగా, శుభ్రంగా ఉంది. అంత సంతోషం ఆమెకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. "మంచి సరుకు పట్టావు," అన్నాడు పెరటి యజమాని. "నాకు కాదు, ఒక గుర్రానికి," అందామె.

తిరిగి వచ్చేసరికి షెడ్డులో కారు లేదు.

స్టెల్లన్ ల్యాప్‌టాప్ తీగ చుట్టుకుంటున్నాడు. ఆమె చేతుల్లో గోనెపట్టాలో చుట్టిన సామాను చూశాడు.

"ఇదేంటక్కా?"

"కారేదిరా?"

"తీసుకెళ్లాడు. ట్రైలర్ తగిలించి హోవెరుద్ ఎత్తు మీద ఒకసారి చూసుకుంటానన్నాడు."

"బలం పెంచావా?"

"కొంచెం. నిజంగా కొంచెమే. బలం పెంచడానికి జర్మనీ వాళ్లు అమ్మే కంప్యూటర్ ఫైలు ఉన్నదున్నట్టు పెట్టలేదు, సగానికి తగ్గించాను. నాకేం పిచ్చా?"

"సగమేంటి? దేనికి సగం? ఆ పంపు ఎంతకు చాలుతుందో చూశావా? విన్నావా?"

"నీలా వినడం నాకు రాదు. నువ్వు లేవు. అతను బెంగ్స్‌ఫోర్స్ వెళ్లిపోతానన్నాడు. అక్కడి కుర్రాడైతే పూర్తిగా పెట్టేవాడు. అది నయమా, ఇది నయమా?" స్టెల్లన్ గొంతు పెంచాడు. "నువ్వేమో సూపు తాగడానికని వెళ్లి సాయంత్రానికి వచ్చావు. ఇవి తేవడానికి వెళ్తున్నానని ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

చెప్పి ఉండొచ్చు. కోపంలో చెప్పలేదు. గోనెపట్టాను బల్ల మీద పెట్టి, ఎర్లాండ్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

తర్వాత వాళ్లిద్దరూ పని చేస్తున్నట్టు నటించారు. స్టెల్లన్ నేల ఊడ్చాడు. గున్వోర్ ఊడ్చిన చోటే నిలబడి స్పానర్లు తుడిచింది. ఆమె కళ్ల ముందు ఆ ఎత్తు కనబడుతూనే ఉంది. ఎర్లాండ్ యాక్సిలరేటర్ అదిమి తొక్కుతున్నాడు, వెనక గుర్రం బరువు, ముందు కుక్కుతున్న గాలి, దానికి చాలని పెట్రోలు. నాలుగో సిలిండర్‌లో వేడి ఎర్రబడుతోంది. ఆ చప్పుడు ఎర్లాండ్‌కు వినబడదు. రేడియో పెట్టుకుని ఉంటాడు.

ఫోను మోగింది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. గున్వోర్ ఎత్తింది.

"గున్వోర్!" ఎర్లాండ్ అరుస్తున్నాడు. వెనక గాలి హోరు. "ఏం కారమ్మా ఇది! నాలుగో గేరులోనే ఎత్తు మొత్తం ఎక్కేసింది! ఒక లారీని దాటేశాను! బ్లెండా ట్రైలర్లో గంతులేస్తోంది!"

అప్పుడు తన గుండెలో ఏం జరిగిందో ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఆమె కుంగిపోయింది. కారు బాగున్నందుకు కుంగిపోయింది. ఇంతసేపూ ఆమె ఎదురుచూసింది ఈ మాట కోసం కాదు. రోడ్డు పక్కన పొగలు కక్కుతున్న ఇంజను కోసం, "నువ్వు చెప్పిందే నిజమైంది" అనే మాట కోసం ఎదురుచూసింది. ఫ్యాక్టరీలో అన్ని ఇంజన్లను చంపింది గానీ, ఏ ఒక్కటీ చావాలని కోరుకోలేదు. అది ఆమె పని, అంతే. ఈ రోజు కోరుకుంది. జేబులో క్యారెట్ ముక్క పెట్టుకు తిరిగే మనిషి కారు పేలిపోవాలని కోరుకుంది.

"గున్వోర్? ఉన్నావా?"

"ఉన్నాను," అందామె. "విను ఎర్లాండ్. ఎత్తు మీద పూర్తిగా తొక్కకు. ఇంకో గేరు దించు, వెనక లారీల వాళ్లు ఏమైనా అనుకోనీ. తొంభై ఎనిమిది ఆక్టేన్ పెట్రోలే పోయించు. వేడి ముల్లు సగం దాటితే ఆపేయ్. ఓర్యెంగ్ వెళ్లొచ్చాక ఇక్కడికి తీసుకురా. పంపు, టర్బో సిద్ధంగా ఉన్నాయి, స్టెల్లన్ బిగిస్తాడు."

"నువ్వు బిగించవా?"

"బ్లెండాను బాగా పరిగెత్తమను," అని ఆమె ఫోను పెట్టేసింది.

స్టెల్లన్ మొహం విప్పారింది. "చూశావా? ఏమీ కాలేదు."

"కాలేదు," అంది గున్వోర్.

ఆమె సబ్బు తీసుకుని చేతులు కడుక్కుంది. గోళ్ల సందుల్లో నలుపు పోయేదాకా చాలాసేపు కడుక్కుంది. కోటు తొడుక్కుంది.

"రేపు పొద్దున్నే రా అక్కా, ఒక డాక్టరుగారి కారు వస్తుంది."

"నేనిక రానురా."

"రేపా?"

"ఎప్పుడూ."

"కోపమొచ్చిందా? సర్లే, తప్పు నాదే. ఇంకెప్పుడూ నీకు చెప్పకుండా—"

"నీ మీద కాదురా," అంది గున్వోర్. అది నిజం. అతను నమ్మలేదు. ఆమె తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కి, తలుపు తోసుకుని వెళ్లిపోయింది. వారం గడిస్తే చల్లబడుతుందని స్టెల్లన్ అనుకున్నాడు. చలికాలం వచ్చినా ఆమె రాలేదు. బెంగ్స్‌ఫోర్స్‌లో స్కూలు బస్సుల గ్యారేజీలో చేరిందని తెలిసింది. అక్కడి బస్సులు నెమ్మదిగా నడుస్తాయి. వాటికి బలం పెంచమని ఎవరూ అడగరు.

ఓర్యెంగ్‌లో బ్లెండా నాలుగోదిగా వచ్చింది. కారును ఎర్లాండ్ మళ్లీ షెడ్డుకు తీసుకురాలేదు, బాగానే నడుస్తోందిగా అన్నాడు. శరత్కాలమంతా నడిచింది. మంచు పడే ముందు దాన్ని నార్వే మనిషెవరికో అమ్మేశాడు. ఆ తర్వాత దాని సంగతి మెల్లెరుద్‌లో ఎవరికీ తెలియదు.

షెడ్డులో తలుపు పక్కన, వేళ్లవైపు గోడకు తిప్పి, గున్వోర్ పనిలో తొడుక్కునే కర్రచెప్పులు ఉన్నాయి. స్టెల్లన్ నేల ఊడ్చినప్పుడు వాటిని జరపడు, చుట్టూ ఊడుస్తాడు. ఎడమదాని మడమ కుడిదానికంటే ఎక్కువ అరిగిపోయి, ఒక పక్కకు ఒరిగి నిలబడుతుంది.