కత్తిరించిన నవ్వు

రామలక్ష్మి మొగుణ్ణి తిట్టకుండా ఏనాడూ చేపల వేటకు పంపలేదు. పడవ కదిలేటప్పుడు మంచి మాట అంటే సముద్రం చెవిన పడుతుందని, దానికి కన్నుకుట్టి మనిషిని ఉంచేసుకుంటుందని వాళ్ళ అమ్మమ్మ నేర్పిన మాట. అందుకే జంగ్లీఘాట్ జెట్టీ మీద నిలబడి నోరారా తిట్టేది. నూకయ్యకు ఆ తిట్లే ధైర్యం. కొడుకు మణికుమార్ బడిపిల్లలతో ఓడెక్కినా అవే తిట్లు. ఆమె పోయాక కొడుకుని తిట్టి పంపే పని నూకయ్య మీద పడింది.

మణికుమార్ డిగ్నాబాద్‌లో వాసుదేవ్ స్టూడియోలో చేరి, పెళ్ళి వీడియోల మీద ఎడిటింగ్ నేర్చుకున్నాడు. "మేం సేపల్ని కోస్తాం, మావోడు బొమ్మల్ని కోస్తాడు" అని నూకయ్య తాముండే బతు బస్తీ అంతా చెప్పుకునేవాడు. సొంతంగా ఒక చిన్న సినిమా చేసి మెప్పిస్తే ఎడిటర్‌గా పెట్టుకుంటానని వాసుదేవ్ అన్నాడు.

తల్లి బతికుండగా జెట్టీ మీద ఫోన్లో తీసిన వీడియో మణికుమార్ దగ్గరుంది.

"అమ్మ మీదే చేస్తున్నా, నాన్నా."

నూకయ్యకు ఇంకేం కావాలి? వాకిట్లో కూర్చోమంటే కూర్చున్నాడు. కెమెరా వైపు చూడకుండా అమ్మని తలుచుకోమంటే తలుచుకున్నాడు. తలుచుకుంటే తల దానంతటదే వాలిపోయింది.

సినిమా తెలుగు సంఘం హాల్లో వేశారు. నూకయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద రామలక్ష్మి కొంగు బిగించి నిలబడింది.

"పో! ఆ సముద్రంలోనే పడి సావు. నీ మొకం మల్లీ నాకు సూపించకు!"

నూకయ్య ముందే నవ్వేశాడు. తర్వాత ఏం రావాలో ఆయనకు తెలుసు. ఆమె పకపకా నవ్వాలి. అన్నం క్యారేజీ పడవలోకి అందించి, "పులుసు అడుగునుంది, ఒంపేసుకోకు" అనాలి.

అది రాలేదు. నూకయ్య మొహం వచ్చింది, తల వాల్చుకుని, తప్పు చేసి దొరికినవాడిలా. వెనక వయొలిన్ ఏడ్చింది. హిందీలో ఎవరిదో గొంతు, ఈ ఆడమనిషి బతికినన్నాళ్ళూ ప్రేమ అంటే ఎరగదని చెప్పింది.

హాలంతా చప్పట్లు. పక్క కుర్చీలో ముసలామె కళ్ళు తుడుచుకుని, "బేచారీ" అంది. నూకయ్యను గుర్తుపట్టి, చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని లేచి వెళ్ళిపోయింది.

"క్యా కట్ మారా రే!" అని వాసుదేవ్ మెచ్చుకోలుగా మణికుమార్ వీపు చరిచాడు. "సోమవారం హావ్‌లాక్ దీవిలో షూటింగ్. ఎడిటర్‌గా నువ్వే వస్తున్నావ్."

బయట గేటు దగ్గర నూకయ్య కొడుకుని ఆపాడు.

"మీయమ్మ నవ్విందిరా. ఆ నవ్వేదీ?"

"తీసేశాను. నవ్వు ఉంటే ఎవడూ ఏడవడు, నాన్నా."

"వాసుదేవ్ తీయమన్నాడేటి?"

"లేదు, నాకే తట్టింది." ఆ మాట అనేటప్పుడు వాడి మొహం వెలిగింది.

"అదెందుకు తిట్టేదో నీకు తెల్దా?"

"తెలుసు. చూసేవాళ్ళకి తెలీదు కదా. బస్, సినిమానే కదా నాన్నా, ఛోడో."

తెలియక చేసుంటే నూకయ్య చెంప మీద ఒకటిచ్చి అక్కడితో మరిచిపోయేవాడు. వీడు తెలిసి చేశాడు. పరాయివాడికి అర్థం కాదన్న భరోసాతో తల్లిని కోశాడు, తండ్రిని అతికించాడు.

సోమవారం నూకయ్య కొడుకు వెంట ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళాడు. వాడి సంచి కూడా తనే మోశాడు. ఓడ ఎక్కేముందు మణికుమార్ అలవాటుగా తిట్ల కోసం ఆగాడు. పెదవుల మీద నవ్వు కూడా సిద్ధం చేసుకున్నాడు.

"ఊఁ, కానీ నాన్నా. ఓడ కదిలిపోతోంది."

నూకయ్య సంచి వాడి చేతికిచ్చి, రెండు చేతులూ జోడించాడు.

"క్షేమంగా వెళ్ళి లాభంగా రండి బాబూ."

వాడి నవ్వు ఆరిపోయింది. "నాన్నా, అదేంటి... తిట్టు. ఒక్కటి తిట్టు నాన్నా!"

వెనకవాళ్ళు తోసుకొస్తుంటే వాడు లోపలికి జరగక తప్పలేదు. నూకయ్య అప్పటికే వెనక్కి తిరిగాడు. ఓడ కూత వేసినా తిరిగి చూడలేదు.