వారానికో మెట్టు

కోర్టు వెనక వీధిలో దస్తావేజులు టైపు చేసే ఆమె, రోజూ సాయంత్రం ఆరింటికి కూరగాయల సంచీతో వచ్చి మేడమీది వాటాకి ఎక్కేది. అద్దెకి దిగిన రోజున పంతొమ్మిది మెట్లు. వారానికొకటి చొప్పున పెరిగి ఏడో నెలకి నలభై తొమ్మిదయ్యాయి. ఆ ఇంటి మెట్లు పెరుగుతాయని వీధిలో అందరికీ తెలుసు. పాలవాడు మొదటి రోజు నుంచీ ప్యాకెట్టుని కింది మెట్టు మీదే పెట్టి పోయేవాడు. ఇంటి యజమాని మాస్టారు మాత్రం ఇల్లు చూపించినప్పుడు ఆ సంగతి ఎత్తలేదు.

ఆమెతో అత్త ఉండేది. ఆవిడకి మోకాళ్లు అరిగాయి, కళ్లలో శుక్లాలు. ముప్పయ్యో మెట్టు వచ్చాక ఇక కిందికి దిగలేదు. కంటి ఆపరేషన్ రోజున ఇద్దరు మనుషులు ఆవిడని కుర్చీతో సహా మోసుకు దిగబోయి, పదో మెట్టు దగ్గరే చేతులెత్తేశారు. తేదీ దాటిపోయింది. ఆసుపత్రివాళ్లు ఇంకో తేదీ నెలన్నర తర్వాత ఇచ్చారు.

టైపిస్టు ఆసుపత్రి దగ్గర నేలమీది వాటా ఒకటి చూసుకుని, ఖాళీ చేస్తామని మాస్టారికి చెప్పింది. కింది వాటాలో ఉండే ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కళ్లజోడు పెట్టుకుని అగ్రిమెంటు తీశాడు. పదకొండు నెలలని రాసుకున్నాం, ముందే పోవాలంటే బదులు మనిషిని తెచ్చిపెట్టమన్నాడు. ఆ షరతు టైపు చేసింది ఆమె వేళ్లే. అందుకే మరీ మండింది.

బదులు మనుషుల్నీ తెచ్చింది. కొత్తగా పెళ్లైన జంట సగం దాకా వచ్చి కూలబడి మంచినీళ్లడిగారు. ఇన్సూరెన్సు ఏజెంటొకాయన పైదాకా ఎక్కి, గాలి బాగుందని మెచ్చుకుని, మళ్లీ కనబడలేదు.

రెండో తేదీకి వారం ఉందనగా ఆమె మళ్లీ కిందికెళ్లింది.

"ఈసారీ తప్పితే కన్ను పోతుందన్నారు మాస్టారూ. ఆవిడ మీ ఇంట్లో ఖైదీ కాదు."

"మెట్లు నా చేతిలో లేవమ్మా. నా చేతిలో ఉన్నది ఈ కాగితం," అన్నాడాయన.

నోరు జారుతుందేమోనని ఆమె మెట్లెక్కేసింది. జీవితమంతా పిల్లలకి కూడికలు నేర్పినవాడికి, పెరుగుతున్నదేమిటో తెలియదా? మర్నాడు సెలవు పెట్టి గిన్నెలన్నీ మూట కట్టింది.

సామాను బండి వచ్చేసరికి మాస్టారు గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పైన అత్త గోడ పట్టుకుని, కాలితో మెట్టు తడుముకుంది.

"కూర్చోనీ. నేను దిగుతున్నాను."

కోడలు రెక్క పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది దిగేసరికి అత్త పాదానికి నేల తగిలింది. మిగతా మెట్లన్నీ మాస్టారి గుమ్మం ముందుకి చేరి, ఆయన తలుపుని మేడకన్నా ఎత్తుకి తీసుకుపోయాయి. బండివాడు ఒకసారి తలెత్తి చూసి, సామాను కిందికి దించడం మొదలుపెట్టాడు.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "నేనిప్పుడు ఇంట్లోకెలా వెళ్లాలి?"

"మేం ఇన్నాళ్లూ వెళ్లినట్టే," అంది టైపిస్టు.

ఆపరేషన్ అనుకున్న తేదీకే జరిగింది. కట్టు విప్పిన రోజున అత్త కోడలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. పొడుచుకొచ్చిన దవడలు, కళ్ల కింద నలుపు.

"ఇంతగా చిక్కిపోయావా? నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవారు అత్తయ్యా?"

"ఏం చేసేదాన్నా? మాస్టారి మీది కోపమంతా నిన్నొక్కదాన్నే మోయనిచ్చేదాన్ని కాదు."